పెద్దకోడలూ, మంత్రిగారి చప్పట్లూ

“గౌరవనీయ జలరవాణా, గృహవసతి శాఖల మంత్రివర్యులు సామాన్యుడి కష్టాన్ని స్వయంగా అనుభవించాలన్న ఉదాత్త సంకల్పంతో, ఈ శనివారం నీటిపోతు లాగే పడవలో మన సరస్సు దాటి, అవతలి ఒడ్డున పడవవాళ్ళ క్వార్టర్సును నాలుగోసారి ప్రారంభిస్తారహో!”

మైకుపడవ మా వీధి మలుపు తిరిగేసరికి నేను మా ఆయన జుట్టుకి నూనె రాస్తున్నాను. పెళ్ళయి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు కాబట్టి ఆయన జుట్టుకి నూనె రాయడం కూడా నాకు ఒక విశేషమే. మైకుపడవ వెనకాలే ఇంకో పడవలో పడవల సంఘం కార్యదర్శి వచ్చి, మా గుమ్మానికి ఆనుకుని అరిచాడు.

“ఏమయ్యా, అదృష్టవంతుడివి! మంత్రిగారికి మీ పడవే సెలెక్టయింది. మొదటి క్వార్టరు తాళంచెవి కూడా నీకే ఇస్తారట!”

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నూనె గిన్నె ఒలికింది. ఆనందం పట్టలేక రెండు చేతులూ దగ్గరికి తెచ్చానో లేదో, మా ఆయన గభాలున నా చేతులు రెండూ పట్టేసుకున్నారు. కార్యదర్శి సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు. ప్రేమ అనుకున్నాడు పాపం. పెళ్ళినాడు కూడా అందరూ అలాగే అనుకున్నారు.

మా ఊరి సంగతి తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పాలి. మా ఊరు సరస్సు మధ్యలో గుంజల మీద నిలబడి ఉంటుంది. వీధులన్నీ నీళ్ళే. పడవల్ని నీటిపోతులు లాగుతాయి. ఆడదైనా, మగదైనా దాన్ని పోతు అనే అంటారు. మాది ఆడది. మూడిళ్ళంత పొడవు, వీపు నిండా పాచి. అది గట్టిగా ఊపిరి వదిలితే మా దండెం మీద బట్టలు మళ్ళీ తడుస్తాయి. నాకన్నా ముందే ఇంటికొచ్చింది కనుక మా అత్తయ్య దాన్ని పెద్దకోడలు అంటారు. మా ఆయన ఒక్కడే కొడుకు. అయినా నేను చిన్నకోడల్ని.

నీటిపోతు తిండి సరస్సు అడుగున ఉంటుంది. పని అయ్యాక పడవవాడు తాళ్ళు విప్పి రెండు చప్పట్లు కొడతాడు. ‘ఇక వెళ్ళి తిను’ అని దానర్థం. అది బుడుంగున మునుగుతుంది. తాళ్ళు విప్పకుండా చప్పట్లు కొట్టినా మునుగుతుంది. తిండి విషయంలో దానికి తాళ్ళూ పడవా లెక్కలోకి రావు. అందుకే మా ఊళ్ళో ఎవరూ చప్పట్లు కొట్టరు. సంతోషం వస్తే మగవాళ్ళు తువాలు ఊపుతారు, ఆడవాళ్ళు కొంగు ఊపుతారు. ఒడ్డున కాలేజీలో చదువుకున్న నాకు మాత్రం చేతులు వాటంతటవే లేస్తాయి. మా ఆయన పట్టేసుకుంటారు. ఈ మధ్య కాస్త కావాలనే లేపుతున్నాను.

ఇక క్వార్టర్సు. మా ఇల్లు ఒకే గది. మధ్యలో గోనెపట్టా వేలాడుతుంది. ఇటు మేమిద్దరం, అటు అత్తయ్య. మేం నవ్వితే అత్తయ్య దగ్గుతారు. అత్తయ్య దగ్గితే గది కింద పెద్దకోడలు బుస్సుమంటుంది. దాంతో పక్కింటివాళ్ళు కూడా దగ్గుతారు. అవతలి ఒడ్డున మాత్రం వరసగా క్వార్టర్సు మెరుస్తూ ఉంటాయి. నీలం తలుపులు, తెల్లటి గోడలు. చుట్టూ కంచె, కంచె దగ్గర కాపలా. ముగ్గురు మంత్రులు వచ్చి మూడుసార్లు రిబ్బను కత్తిరించి, నేరుగా భోజనాలకి వెళ్ళారు. తాళాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. రోజూ సాయంత్రం మేమిద్దరం పడవ అంచున కూర్చుని మొదటి క్వార్టరు కిటికీ వైపు చూస్తుంటాం. మా ఆయన నీళ్ళలోంచే చెయ్యి చాపి, కాపలావాడు చూడకుండా, కిటికీని తువాలుతో కొలిచి వచ్చారు. ఆ కొలతకి పసుపు పూల కర్టెను గుడ్డ కొన్నాను.

“తలుపుకి గడియ ఉంటుందా అండీ?”

“ఉంటుందిట.”

“లోపలివైపేనా?”

“గడియ లోపలివైపు కాక ఇంకెక్కడుంటుందే?”

గోనెపట్టా అవతల అత్తయ్య దగ్గారు.

మర్నాడు మంత్రిగారి పీయే వచ్చాడు. చక్కని మనిషి. నీళ్ళ మీద నడిచేవాడిలా బూట్లు తుడుచుకుంటూ వచ్చాడు. పెద్దకోడల్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఇదా మంత్రిగారి వాహనం? ఈ వీపు మీద ఇదేంటి?”

“పాచండి,” అన్నారు మా ఆయన.

“తీసెయ్యి. రేపు పేపర్లో ఫొటో పడితే ప్రభుత్వానికి పాచి పట్టిందంటారు.”

“అది తీస్తే దానికి జలుబు చేస్తుంది నాయనా,” అన్నారు అత్తయ్య. “అది తుమ్మితే మీ మంత్రి ఎక్కడ తేలతాడో నేను చెప్పలేను.”

పీయే ఆలోచించాడు. ఆలోచించగల అధికారిని దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. పాచి ఉండనిచ్చి, దాని మీద ‘పచ్చదనం–పరిశుభ్రత’ అని బోర్డు పెట్టాలని నిర్ణయించాడు. మా ఆయన తువాలు ఊపబోయి ఆగిపోయారు.

“ఇంకొకటి,” అన్నాడు పీయే. “మంత్రిగారు పడవలోంచే ప్రసంగిస్తారు. చప్పట్లు బాగా పడాలి.”

అప్పుడు అందరం కలిసి ఆయనకి చప్పట్ల సంగతి చెప్పాం. పీయే మొహం వాడిపోయింది.

“అలా అంటే ఎలాగండీ? చప్పట్లు లేకపోతే మా సారుకి మాట పెగలదు. కిందటేడు ఒక సభలో ‘సోదర సోదరీమణులారా’ అన్నాక ఎవరూ కొట్టలేదు. కొడతారని చూస్తూ చీకటిపడేదాకా అలాగే నిలబడ్డారు.”

“మేం తువాళ్ళు ఊపుతాం కదండీ,” అన్నారు మా ఆయన.

“తువాళ్ళు ఊపితే వెళ్ళిపొమ్మంటున్నారనుకుంటారయ్యా! ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఆయన అసలే అనుమానం మనిషి.”

“పోనీ దాని చెవుల్లో దూది పెట్టండి,” అన్నాడు కార్యదర్శి.

“దానికి ఒళ్ళంతా చెవులే,” అన్నారు అత్తయ్య. “ఎన్ని బేళ్ళు తెస్తావో తెచ్చుకో.”

ప్రభుత్వం అంటే చేతులు ముడుచుకు కూర్చునేది కాదని ఆ సాయంత్రమే తేలింది. రాజధాని నుంచి జీవో దిగింది. ‘ఇందుమూలముగా చప్పట్లు అను శబ్దమునకు మునుగుము అను అర్థమును రద్దు పరచి, ముందుకు సాగుము అను అర్థమును తక్షణము అమలులోకి తేవడమైనది.’ పీయే మా గుమ్మంలో నిలబడి దాన్ని పెద్దకోడలికి చదివి వినిపించాడు. అర్థం కాలేదేమోనని రెండోసారి మెల్లగా చదివాడు. పెద్దకోడలు నాలుగు బుడగలు వదిలింది.

“అభ్యంతరం ఏమీ చెప్పలేదు కదా?” అన్నాడు పీయే.

“లేదండి,” అన్నారు మా ఆయన. “అది ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పదు.”

పీయే అక్కడికక్కడే ప్రయోగం చేశాడు. పడవ ఎక్కి, ముందు కూర్చుని, ధైర్యంగా రెండు చప్పట్లు కొట్టాడు. పెద్దకోడలికి ఆకలి అంతగా లేదు కాబట్టి సగమే మునిగింది. పడవ ముక్కు నీళ్ళలోకి దిగింది. పీయే నడుము దాకా తడిసి, గుంజ పట్టుకుని, మా ఆయన సాయంతో మెట్టెక్కి, నీళ్ళు కారుతున్న ఫోన్లోనే పై అధికారికి రిపోర్టు ఇచ్చాడు.

“ప్రయోగం సక్సెస్ సార్. పడవ చెక్కుచెదరలేదు. సరస్సు నీటిమట్టమే తాత్కాలికంగా నడుము దాకా పెరిగింది. అవును సార్, మన జలసంరక్షణ పథకం వల్లే.”

అంత సమయస్ఫూర్తి ఉన్న మనిషి మొహం ఫోన్ పెట్టేశాక మాత్రం ఏడుపుమొహంలా అయింది. “చప్పట్ల బృందం రేపు దిగుతుంది,” అన్నాడు. “బయటి నుంచి తెప్పిస్తున్నాం. బాగా ట్రెయినింగ్ ఉన్నవాళ్ళు. ఒక్క చప్పుడు వినబడితే చాలు, నిద్రలో కూడా కొట్టేస్తారు. సారు మునిగితే నా ఉద్యోగం పోతుంది. నీ క్వార్టరూ పోతుందయ్యా, ముందే చెప్తున్నా.”

అతను వెళ్ళాక ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. నేను కర్టెను గుడ్డ ఒళ్ళో పెట్టుకుని అంచు కుడుతూ కూర్చున్నాను. గోడ మీద మంత్రిగారి పోస్టరు ఉంది, గాలి రాకుండా అత్తయ్య చిల్లుకి అంటించారు. దాని మీద పెద్ద అక్షరాలతో ప్రభుత్వ నినాదం: ‘ప్రతి చేతికీ పని.’

“అత్తయ్యా,” అన్నాను. “ప్రతి చేతికీ పనిస్తే?”

“ఇచ్చారులే. నీ మొగుడికిచ్చారు, నా మొగుడికిచ్చారు.”

“అది కాదత్తయ్యా. చేతుల్లో ఏదన్నా ఉంటే చప్పట్లు కొట్టలేరు కదా!”

గోనెపట్టా పక్కకి జరిగింది. అత్తయ్య నన్ను కిందనుంచి పైదాకా చూశారు. “చదువుకున్నదానివే,” అన్నారు. పెళ్ళయ్యాక ఆవిడ నాకిచ్చిన మొదటి సర్టిఫికెట్ అది. నేను చప్పట్లు కొట్టబోయాను. మా ఆయన పట్టుకున్నారు.

మర్నాడు పీయేకి చెబితే ఆనందంతో గంతేశాడు. సాయంత్రానికల్లా పడవల నిండా మంత్రిగారి పటాలు దిగాయి. చెక్క ఫ్రేము, పైన గాజు, ఒక్కొక్కటి చంటిపిల్లంత బరువు. ‘మంత్రివర్యుల చిత్రపటమును ఒక చేతితో పట్టుకొనుట అగౌరవముగా పరిగణించబడును’ అని ఇంకో జీవో. మా కార్యదర్శికి సందేహం వచ్చింది.

“మరి దోమ కుడితే ఎలాగండీ?”

“భరించాలి,” అన్నాడు పీయే. “మంత్రిగారు ప్రజల కోసం ఇంతకన్నా ఎక్కువే భరిస్తున్నారు.”

శనివారం పొద్దున అవతలి ఒడ్డున కంచె తీసేశారు. జనం వరసగా నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ పటాలే. చప్పట్ల బృందం ముందు వరసలో ఉంది. వాళ్ళ అరచేతులు పలకల్లా ఉన్నాయి. వాటిల్లోనూ పటాలు పెట్టాం. ఈ ప్రభుత్వం వచ్చాక మొదటిసారి ప్రతి చేతికీ పని దొరికిన దృశ్యం నేను కళ్ళారా చూశాను. నాకొక్కదానికే మినహాయింపు. తాళంచెవి అందగానే కిటికీకి కట్టడానికి కర్టెను పట్టుకుని మొదటి క్వార్టరు పక్కనే నిలబడ్డాను.

దూరం నుంచి పడవ వచ్చింది. పెద్దకోడలు మెడకి బోర్డు. పగ్గాలు పట్టుకుని మా ఆయన. పెళ్ళిబట్టలే వేసుకున్నారు. పడవ మధ్యలో మంత్రిగారు ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నారు. సామాన్యుడి కష్టం అనుభవించడానికి ఆయనకో సోఫా వేశారు. ఆయన చంకలో, మనిషంత అట్టతాళంచెవి బంగారు రంగులో ధగధగలాడుతోంది.

ఒడ్డుకి నాలుగు బారల దూరంలో పడవ ఆగింది. మంత్రిగారు మైకు ముందుకొచ్చారు. ఒడ్డంతా తన మొహమే కనబడేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

“సోదర సోదరీమణులారా! గత ప్రభుత్వం మీకు ఇళ్ళు ఇస్తామని చెప్పి ఇవ్వలేదు. మేం చెప్పకుండానే కట్టాం!”

నిశ్శబ్దం. పటాలు కదల్లేదు. ఒకాయన ముక్కు మీద దోమ వాలింది. ఆయన భరించాడు.

“తాళాలు లేని ఇళ్ళు ఎందుకని కొందరు అడుగుతున్నారు. ఇవాళ మొదటి తాళంచెవి... ఇదిగో... ఈ శ్రమజీవికి... నా చేతులతో!”

మంత్రిగారు అట్టతాళంచెవి మా ఆయనకిచ్చారు. కెమెరాలు మెరిశాయి. మా ఆయన ఒక చేత్తో పగ్గాలు, ఒక చేత్తో తాళంచెవి పట్టుకుని నావైపు చూసి నవ్వారు. నాకు గదీ, గడియా, గోనెపట్టా లేని గోడలూ కళ్ళముందు కదిలాయి. అప్పుడు తట్టింది. అందరి చేతులూ నింపాను. ఒక్కరివి మర్చిపోయాను. ఇప్పుడవి ఖాళీ అయ్యాయి.

మంత్రిగారు ఎదురుచూశారు. మీసం సవరించుకున్నారు. పక్కనున్న పీయే ఆకాశం వంక చూస్తున్నాడు.

“ఏమయ్యా? ఏంటిది? చచ్చిపోయారా అందరూ?” అని మంత్రిగారు మైకులోనే అన్నారు. తర్వాత పెద్ద మనసుతో నవ్వారు. “సరే! మీరు మొహమాటపడుతున్నట్టున్నారు. నేనే మొదలుపెడతా!”

మా ఆయన తాళంచెవి వదిలేసి ఆయన చేతులు పట్టుకోబోయారు. నా చేతులు పట్టుకున్నంత అలవాటుగా అందలేదు.

మంత్రిగారు తన ప్రసంగానికి తానే చప్పట్లు కొట్టుకున్నారు.

పెద్దకోడల్ని పొద్దున్నుంచీ తిండికి వదల్లేదు. అది ఒక్కసారి తోక ఎత్తి, బుడుంగున దిగింది. పడవ ముక్కు దిగింది. సోఫా దిగింది. ‘సోదర’ దాకా మైకులో వినబడింది. ‘సోదరీ’ బుడగల్లో వచ్చింది. అంతటితో ఆగేదే. కానీ ముందు వరసలో ట్రెయినింగ్ ఉన్నవాళ్ళు ఉన్నారు కదా. వాళ్ళకి చప్పుడు వినబడింది. పటాలు గౌరవంగా కింద పెట్టి, లయ తప్పకుండా చప్పట్లు అందుకున్నారు. వాళ్ళు కొట్టినకొద్దీ అది ఇంకా లోతుకి వెళ్ళింది.

“ఆపండ్రా!” అని పీయే నీళ్ళలోంచి తల పైకెత్తి అరిచాడు.

“పేమెంటు పూర్తిగా అందింది సార్,” అన్నాడు బృందం నాయకుడు. “మధ్యలో ఆపితే మోసం చేసినట్టవుతుంది.”

చివరికి అత్తయ్య కొంగు నడుముకి బిగించి వెళ్ళి, ఆ నాయకుడి రెండు చేతులూ పట్టుకుని పటం తిరిగి పెట్టారు. కాసేపటికి మా ఆయన పైకి తేలారు. ఆయన చంకలో మంత్రిగారు, మంత్రిగారి చంకలో మైకు. నేను ఊపిరి పీల్చుకున్నది అప్పుడే. ఆ వెనకే పెద్దకోడలు కూడా పడవతో సహా పైకొచ్చి బుస్సుమంది. బంగారు తాళంచెవి మెత్తబడి, చపాతీ పిండిలా సాగి, నీళ్ళలో విడిపోయింది.

“సారుకి బట్టలు మార్చాలి! గది! గది!” అని పీయే కేకలు వేశాడు. నా చేతిలోంచి కర్టెను లాక్కుని, మంత్రిగారికి చుట్టి, మొదటి క్వార్టరు తలుపు దగ్గరికి లాక్కెళ్ళాడు. రిబ్బను పళ్ళతో కొరికాడు.

“తాళంచెవి ఏదయ్యా?”

“కరిగిపోయిందండి,” అన్నారు మా ఆయన.

“అసలుది!”

“అసలుదంటూ ఇంకోటుందాండి?”

పీయే భుజంతో తలుపు నెట్టాడు. తాళం లేకుండానే తెరుచుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. మేమంతా వెనకాలే వెళ్ళాం.

లోపల గది లేదు. లోపల అనేదే లేదు. తలుపు అవతల బురద, తుమ్మమొద్దులు, వాటికి ఆనించిన ఒకే ఒక్క గోడ. వరస పొడుగునా అదే గోడ. దాని వెనకాల ఎండలో మంత్రిగారు పసుపు పూల కర్టెను చుట్టుకుని నిలబడి ఉన్నారు. కొలత సరిగ్గా సరిపోయింది.

మూడుసార్లు వచ్చినవాళ్ళు భోజనాలకి అంత తొందరగా ఎందుకు వెళ్ళేవారో ఎవరూ అడగలేదు. మా ఆయన తలకి అంటుకున్న నాచు కూడా తీసుకోకుండా ఆ గోడ వంకే చూస్తున్నారు. నేను తలుపు దగ్గరికి వెళ్ళాను. గడియ మాత్రం ఉంది. ఇత్తడిది, కొత్తది. పెట్టి చూశాను. నునుపుగా జారింది. పెట్టాక, నేను లోపల ఉన్నానో బయట ఉన్నానో తేలలేదు.

“ఉంది కదండీ గడియ,” అన్నాను.

“ఉందే,” అన్నారు మా ఆయన.

మామూలు నాయకుడైతే ఆ స్థితిలో బెంబేలెత్తిపోయేవాడు. మంత్రిగారు కర్టెను భుజం మీదకి సర్దుకుని, విలేకరుల వైపు తిరిగారు.

“ఏ ప్రభుత్వమైనా ప్రజాసమస్యల్ని పైపైనే చూసింది. వాటి లోతుల్లోకి వెళ్ళిన మొదటి మంత్రిని నేనే. అడుగు దాకా వెళ్ళి చూసి వచ్చాను!”

“ఇళ్ళకి వెనక గోడలు లేవేంటి సార్?” అన్నాడో విలేకరి.

“పారదర్శకత!” అన్నారు మంత్రిగారు. “మా పాలనలో దాపరికం ఉండదు. ఈ స్ఫూర్తిని మా సహచరులందరికీ చూపించాలి. ప్రకటిస్తున్నాను, రాసుకోండి. రేపు ఉదయం మా పెద్దాయనతో సహా క్యాబినెట్ మొత్తం ఇదే పడవలో వస్తుంది. ఈ క్వార్టర్సును అయిదోసారి ప్రారంభిస్తాం. కానీ ఒక్క మాట. ఇవాళ మీ స్వాగతం నాకు చాలా బాధ కలిగించింది. రేపు పటాలూ గిటాలూ వద్దు. చప్పట్లు మోగిపోవాలి!”

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే పటాలు కింద పెట్టి, తువాళ్ళూ కొంగులూ ఊపారు. అంతమంది ఒక్కసారిగా ఊపడం నేను మా పెళ్ళికి కూడా చూడలేదు. మంత్రిగారు ఎందుకో కాస్త అనుమానంగా చూశారు.

ఇంటికొచ్చాక అత్తయ్య తన చాప చుట్టి చంకన పెట్టుకున్నారు. “ఇవాళ మా చెల్లెలింట్లో పడుకుంటాను,” అన్నారు. “అందరిళ్ళకీ వెళ్ళి చెప్పాలి. రేపు ఎవరూ చేతుల్లో ఏమీ పెట్టుకురాకూడదని. దాన్ని పొద్దున తిండికి వదలకండి.” గుమ్మం దాటుతూ గోనెపట్టా ఊడదీసి మడిచి పక్కన పెట్టారు. దగ్గలేదు.

నేను రెండు చేతులూ దగ్గరికి తెచ్చాను. ఈసారి మా ఆయన పట్టుకోలేదు. “వద్దులే, రేపటికి దాచుకో,” అన్నారు.

అప్పుడే గుమ్మం ముందు పీయే పడవ ఆగింది. బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. రేపటి ఏర్పాట్ల హడావుడిలో ఉన్నాడు.

“ఏమయ్యా, క్యాబినెట్ అంటే పెద్ద సంఖ్య. మీ పడవలో ఎంతమంది పడతారు?”

మా ఆయన ఎంతో వినయంగా చేతులు కట్టుకున్నారు.

“ఎంతమంది ఎక్కితే అంతమందీ పడతారండి.”